శాస్త్రవాదము - న్యాయస్థానము

శాస్త్రమున తప్పు దొరలుట వింత కాదు. దానిని దిద్దు విధానమే ప్రధానము. 2024 లో మన నగరమున నడచిన ఒక వ్యవహారము ఈ విషయమున ఆలోచింపదగినది.

కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొవాగ్జిన్ టీకా పొందిన 926 మందిని గూర్చి విచారించి, వారిలో కనిపించిన అనారోగ్యములను వివరించుచు ఆ యేడు మే నెలలో 'డ్రగ్ సేఫ్టీ' పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. టీకా పొందనివారితో పోల్చి చూడలేదనియు, టెలిఫోనులో చెప్పిన మాటలను వైద్యపరీక్షతో సరిచూడలేదనియు భారత వైద్య పరిశోధన మండలి ఆక్షేపించినది. పోలిక లేనిదే కారణము తేలదు గనుక ఈ ఆక్షేపణ బలమైనదే.

వ్యవహారము ఇంతటితో ఆగలేదు. టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ రచయితలపైనను, పత్రికా సంపాదకునిపైనను హైదరాబాదు న్యాయస్థానమున 5 కోట్ల రూపాయలకు పరువునష్టపు దావా తెచ్చినది. ఆ రచయితలలో విద్యార్థులును కలరు. సెప్టెంబరులో పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించుకొన్నది.

తన టీకాకు అపఖ్యాతి కలిగినదని సంస్థ బాధపడుట సహజమే. నిరాధారమైన భీతి వ్యాపించినచో ప్రజలకును నష్టమే. కాని దావా వలన ఒరిగినదేమి? పత్రిక యుక్తికి లొంగినదా, భయమునకు లొంగినదా అని అడుగువారికి సమాధానము చెప్పుట నేడు కష్టము. న్యాయమైన ఆక్షేపణను సైతము దావా అనుమానముపాలు చేసినది. తన వద్దనున్న పరిశీలనా ఫలితములను అదే పత్రికలో ప్రకటించి చదువరుల తీర్పు కోరుటయే ఏ సంస్థకైనను గౌరవప్రదమైన మార్గము.

ఎవరు ఎవరికి ఎంత చెల్లింపవలెనో న్యాయమూర్తి చెప్పగలడు. టీకా వలన రోగము వచ్చినదా లేదా యన్నది మరియొక పరిశోధనయే తేల్చవలెను. నిపుణుల పరిశీలన పొంది వెలువడిన శాస్త్రవ్యాసములకు, దురుద్దేశము లేనంతవరకు, పరువునష్టపు దావాల నుండి ఇంగ్లండు 2013 నాటి చట్టమున రక్షణ కల్పించినది. మన దేశమునకును అట్టి రక్షణ అవసరము. లేని లెక్కలను కల్పించి వ్రాసినవారికి మాత్రము అది చెల్లరాదు.

చందానగర్ నుండి శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ వరకు విజ్ఞానమును నమ్ముకొని బ్రదుకు నగరమిది. ఇచటి పాఠశాలలలో నేడు పరీక్షనాళిక పట్టిన బాలబాలికలే రేపటి పరిశోధకులు. తప్పు చేసినచో మరల చేసి చూడుమను ఉపాధ్యాయుని మాట వారికి ధైర్యము నిచ్చును. వకీలు నోటీసు వారి నోరు కట్టివేయును. ఉపాధ్యాయులు ఈ భేదమును విద్యార్థులకు తెలియజెప్పవలెను. వ్యాసమునకు వ్యాసమే జవాబు. ప్రయోగమునకు ప్రయోగమే పరీక్ష.