జన్యుపటం సరే, మన కొట్టం సంగతేమిటి?

మా ఇంట్లో డిగ్రీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. సూక్ష్మజీవుల జన్యువుల గురించి చదువుతున్నామంటే మా పెద్దవ్వ ఒకటే అడిగింది: "మరి మన ఆవు ఎందుకు ఈసుకపోయింది బిడ్డా?"

ఆ రోజు నెలలు నిండకముందే పడిన దూడనూ, మాయనూ వట్టి చేతులతోనే ఎత్తి పారేశాం. రక్తపరీక్ష చేయించిన వారు లేరు. ఇలా ఈసుకపోవడానికి ఒక ముఖ్య కారణం బ్రూసెల్లా అనే బాక్టీరియా. మాయ, ఉమ్మనీరు, పచ్చిపాల ద్వారా అది మనుషులకూ సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు దాని లక్షణాలు. మన అడవి పల్లెల్లో మలేరియా అనుకుంటే అసలు జబ్బు దాగిపోతుంది.

ఈ క్రిమి జన్యుపటం కొత్తది కాదు. రెండు క్రోమోజోములు, సుమారు 33 లక్షల అక్షరాలు. ఒక బ్రూసెల్లా జాతి పటం 2002లోనే వెలువడింది. మనం వాడే ఎస్19 టీకా మాత్రం 1923లో ఒక ఆవు పాల నుంచి వేరుచేసిన క్రిమి సంతతి. మంచిదే, కానీ బతికున్న క్రిమి. చూడి పశువుకు వేస్తే ఈసుకపోవచ్చు. సూది గుచ్చుకుంటే వేసేవారికే జబ్బు రావచ్చు. అందుకే 4 నుంచి 8 నెలల ఆడదూడలకే వేస్తారు. ఏ జన్యువు తీసేస్తే క్రిమి బలం తగ్గి రక్షణ మిగులుతుందో వెతకడమే నేటి పరిశోధన. ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ 'పెర్' అనే జన్యువును తొలగించి కొత్త టీకా రూపొందించింది.

ప్రయోగశాలలకు డబ్బు దండగ, ముందు ఊరికి మందు పంపండి అనేవారున్నారు. మేము ఒప్పుకోం. రెండూ కావాలి. 2019లో కేంద్రం ఈ వ్యాధిపై దేశవ్యాప్త టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు నిలవని గూడేనికి ఐస్ పెట్టె చేరకపోతే ఏ టీకా అయినా నీళ్లే. ఈసుకపోయిన ప్రతి పశువు నమూనా పరీక్షకు పోవాలి, ఫలితం రైతుకు తిరిగి రావాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే హైదరాబాద్ ప్రయోగశాలలు ఒక పూట ప్రయాణం. పశువుల వెంట తిరిగిన మనకంటే ఆ పని విలువ ఎవరికి తెలుసు? ఆ చదువుకు పోండి. అంతవరకు ఈ సెలవుల్లో ఇంట్లో రెండు మాటలు చెప్పండి: పాలు కాచి తాగాలి, ఈసుకపోయిన దూడను వట్టి చేతులతో ముట్టొద్దు. పెద్దవ్వకు మేమివ్వలేకపోయిన జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.