కార్తీకం వెచ్చగా ఉంటే చెరువును కనిపెట్టి ఉండండి

మెట్టుగూడ, లాలాగూడ, సీతాఫల్‌మండి, తార్నాక, హబ్సిగూడ, నాచారం కాలనీల పెద్దలకు, ఉస్మానియా విద్యార్థులకు, చెరువులను నమ్ముకుని బతికే ముదిరాజ్, గంగపుత్ర, బెస్త సోదరులకు, ఆదివారం వస్తే గాలం పట్టుకుని బయల్దేరే మిత్రులకు ఒక మాట.

స్వాతి కార్తె దాటిందంటే మన దగ్గర రాత్రిళ్లు చల్లబడాలి. నవంబర్‌లో హైదరాబాద్ కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ మధ్య ఒక ఏడు చలి వేళకే వస్తోంది, ఇంకో ఏడు పత్తా లేకుండా పోతోంది. 2024 అక్టోబర్‌నే తీసుకోండి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత వేడి అక్టోబర్ దేశంలో మరొకటి లేదని భారత వాతావరణ శాఖ ప్రకటించింది. దేశం మొత్తం మీద ఆ నెల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 20.01 డిగ్రీలు ఉండాల్సింది 21.85 డిగ్రీలకు చేరింది. పగటి ఎండ కన్నా రాత్రి వెచ్చదనమే ఎక్కువగా హద్దు దాటింది.

మనకైతే ఇంకో నెల ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. చెరువులో చేపకు మాత్రం అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ విజ్ఞప్తి. దసరా వెళ్లాక కూడా చలి రాని సంవత్సరాల్లో, కార్తీకమంతా మన చెరువులను తెల్లవారుజామున కనిపెట్టి చూడమని అడుగుతున్నాను. ఎందుకు తెల్లవారుజామునో ముందు చెప్పాలి.

నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు పడుతుంది. 30 డిగ్రీలైతే ఏడున్నరకు మించదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, నీళ్లు వెచ్చబడితే దానికి ఆకలి పెరుగుతుంది, ఊపిరి అవసరమూ పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ అవసరం దాదాపు రెట్టింపు. అడుగున కుళ్లే చెత్త కూడా వేడికి తొందరగా కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. మురుగులోంచి వచ్చే అమ్మోనియా సైతం వెచ్చటి నీటిలోనే ఎక్కువ విషమవుతుంది.

మన చెరువులకు ఈ ముప్పు సరిగ్గా పండగలు ముగిసే వేళకు వస్తుంది. వానాకాలమంతా నాలాలు మోసుకొచ్చిన మురుగు అప్పటికే అడుగున చేరి ఉంటుంది. భాద్రపదంలో వినాయక నిమజ్జనం, ఆశ్వయుజంలో బతుకమ్మ పూలు, కార్తీకంలో దొప్పలూ దీపాలూ వరుసగా నీళ్లలో చేరతాయి. చలి పడితే ఈ కుళ్లు నెమ్మదిస్తుంది, గుర్రపు డెక్క పెరుగుదలా తగ్గుతుంది. చలి రాకపోతే డెక్క చెరువును కమ్మేస్తూ పోతుంది, పచ్చ నాచు చిక్కబడుతుంది.

ఆ నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుగూకితే ఇవ్వడం మానేసి తనూ పీల్చుకుంటుంది. రాత్రంతా చేపలు, నాచు, కుళ్లు కలిసి వాడుకోగా సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి రెండు రోజులు మబ్బు పట్టి, రాత్రి వెచ్చగానే ఉంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే బొచ్చె, రవ్వ హాయిగా ఉంటాయి. మూడుకు దిగితే అవస్థ పడతాయి. ఒకటికి దిగితే బతకవు.

2017 అక్టోబర్‌లో పటాన్‌చెరు వైపు గండిగూడెం చెరువులో రెండు లక్షలకు పైగా చేపలు చచ్చి తేలాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలే కారణమని అక్కడి మత్స్యకారులు గోడు వెళ్లబోసుకున్నారు. ఆ మరణాలను నేను వేడి ఖాతాలో వేయడం లేదు. వ్యర్థాలు వదిలినవాళ్లకు వాతావరణం సాకు కాకూడదు. కానీ మురుగుతో సగం ఊపిరి పోయిన చెరువుకు వెచ్చటి రాత్రి చివరి దెబ్బ అవుతుంది. సఫిల్‌గూడ చెరువు, నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ పెద్ద చెరువు, కాప్రా చెరువు, ఇవి మనకు దగ్గర్లో మిగిలిన చెరువులు. అన్నీ మురుగుతో పోరాడుతున్నవే.

మొదటి విజ్ఞప్తి, పొద్దున్నే కట్ట మీద నడిచేవాళ్లకు, కార్తీక దీపం వదలడానికి వచ్చే అమ్మలకు, అక్కలకు. చెరువుకు ప్రమాదమైన గంటలో అక్కడ ఉండేది మీరే. అంచుల వెంట ఒకసారి చూడండి. చేపలు గుంపుగా పైకొచ్చి నీటి మీద మూతి పెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, అలికిడికి కూడా లోపలికి పోకుండా ఉంటే, ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. నత్తలు నీళ్లు వదిలి ఒడ్డుకు పాకుతాయి. ఇలాంటప్పుడు ముందు పెద్ద చేపలు చనిపోతాయి, చిన్నవి కొంతసేపు తట్టుకుంటాయి. అలా కాకుండా చిన్నా పెద్దా ఒకేసారి, ఏ మిట్టమధ్యాహ్నమో తేలితే విషం కలిసిందని అనుమానించాలి. ఏది కనిపించినా ఫోన్‌లో ఫోటో తీసి, సమయం రాసి, నగరపాలక సంస్థకు, మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి వెంటనే చెప్పండి. చచ్చిన చేపలను ఎత్తేసే లోపే నీటి నమూనా తీయించమని పట్టుబట్టండి. పొద్దెక్కితే నాచు మళ్లీ ఆక్సిజన్ ఇస్తుంది, తెల్లవారుజామున ఏం జరిగిందో చెప్పే ఆధారం పోతుంది.

దీపాలు వెలిగించండి. దొప్పను నీళ్లలో విడిచిపెట్టకుండా మళ్లీ ఒడ్డుకు తీసుకోండి. చేపలకని బన్నులు, అన్నం వేయకండి. వెచ్చటి రోజుల్లో అవి తినగా మిగిలింది గంటల్లో కుళ్లుతుంది. చికెన్ సెంటర్ల సోదరులకు చేతులెత్తి చెబుతున్నాను. రాత్రి సంచుల్లో కట్టి చెరువులో పారేసే వ్యర్థం మీ ఊరి నీళ్లనే చంపుతుంది.

రెండో విజ్ఞప్తి వల పట్టేవాళ్లకు. మీకు నేను చేపల గురించి నేర్పేదేమీ లేదు. నీళ్లు మాత్రం మీ తాతల నాటిలా లేవు. చలికాలంలో రాత్రంతా వదిలిన వలలో చేప పొద్దుటికి గట్టిగానే ఉండేది. వెచ్చటి రాత్రుల్లో వలలో చిక్కుకుని కొట్టుకున్న చేప అక్కడే చచ్చి, తెల్లారేసరికి మెత్తబడుతోంది. మొప్పలు ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, జిగట పట్టి కనిపిస్తే రామ్‌నగర్ మార్కెట్‌లో ఎవరూ మంచి ధర ఇవ్వరు. అలాంటి రోజుల్లో వలను అర్ధరాత్రికి ఒకసారి చూసుకోండి. కిలో చేపకు కిలో ఐస్ చొప్పున కట్ట మీదే సర్దండి. చెరువులో ఆక్సిజన్ తగ్గిన గుర్తులుంటే ఆ రోజు లాగుడు వల వేయకండి. అడుగు బురద కలిస్తే మిగిలినవీ పోతాయి.

రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ఆలస్యమై ఆ పిల్లలు వెచ్చటి కార్తీకంలో వస్తే తెల్లవారుజామున వదలొద్దు, మిట్టమధ్యాహ్నమూ వద్దు. ఎండ తగ్గాక సాయంత్రం పూట వదలండి. ప్యాకెట్లను పావుగంట సేపు చెరువు నీళ్లలో తేలనిచ్చి, ఆ నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, అప్పుడు విప్పండి. అధికారులు తొందరపెట్టినా మత్స్యకారుల సంఘం పెద్దలు ఈ పావుగంట ఆగేలా చూడాలి.

గాలం వేసే మిత్రులారా, వెచ్చటి నవంబర్‌లో చేప ఎర బాగా తింటుంది, నిజమే. కానీ అలసిన చేప తేరుకోవడానికి వెచ్చటి నీళ్లలో ఊపిరి చాలదు. వదిలేద్దామనుకుంటే గాలిలో ఎత్తి ఫోటోలు దిగకుండా నీళ్లలోనే గాలం తీసి వదలండి. చేపలు మూతి పైకి పెట్టిన రోజు గాలం వేయకండి. కొర్రమీను దొరుకుతోంది కదా, చెరువు బాగానే ఉందని అనుకోకండి. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి బతుకుతుంది. బొచ్చె, రవ్వ పోయి కొర్రమీను, జిలేబి, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రమే మిగిలిన చెరువు జబ్బుపడిన చెరువే.

మూడో విజ్ఞప్తి ఉస్మానియా విద్యార్థులకు, అధ్యాపకులకు. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం మన మధ్య ఉంది. పక్కనే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఇంత విద్య చేరిన పేటలో ఏ చెరువులో ఏ పొద్దున ఎంత ఆక్సిజన్ ఉందో కాలనీవాసికి తెలియకపోవడం న్యాయం కాదు. నీటిలో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పరీక్ష మీకు ప్రాక్టికల్స్‌లో ఉన్నదే. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేయగానే గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉంది. తెల్లగా దిగితే లేదు. ఎంత ఉందో తర్వాత ల్యాబ్‌లో తేలుతుంది, కానీ ఆ రంగును కట్ట మీద నిలబడ్డ ఎవరికైనా చూపించవచ్చు. జంతుశాస్త్రం, పర్యావరణ శాస్త్రం, రసాయన శాస్త్రం విద్యార్థులు జట్లుగా, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వారానికి ఒకసారి సూర్యోదయానికి ముందు పైన చెప్పిన నాలుగు చెరువుల నీళ్లు పరీక్షించి, అంకెలను ఆ కట్ట మీదే బోర్డు పెట్టి రాయండి. ఉష్ణోగ్రత కూడా పక్కన రాయండి. కొన్నేళ్లకు అది నగరానికే పనికొచ్చే లెక్క అవుతుంది.

చివరిగా అధికారులకు. నాలాల మురుగు శుద్ధి కాకుండా చెరువులో కలవకూడదన్నది ఏడాది పొడవునా చేయాల్సిన పని. అది పూర్తయ్యేలోగా, చలి రాని నవంబర్‌లో గుర్రపు డెక్కను తీసి ఒడ్డునే కుప్పపోసి వదిలేయకుండా తరలించండి. ఏరేటర్లు, ఫౌంటెన్లు ఉన్న చెరువుల్లో వాటిని సాయంత్రం సందర్శకుల కోసం తిప్పి ఆపేయకుండా, అర్ధరాత్రి నుంచి సూర్యోదయం దాకా నడపండి. చేపకు అవి కావాల్సింది అప్పుడే.

వాతావరణాన్ని మెట్టుగూడలో కూర్చుని మనం మార్చలేం. చెరువులో చెత్త పడకుండా చూడగలం, పొద్దున్నే చూసింది చెప్పగలం, చెప్పినదాని మీద చర్య తీసుకునేదాకా అడగగలం. ఈ కార్తీకంలో మీ ఇంటికి దగ్గరి చెరువును ఒకటి ఎంచుకోండి, కాలనీ సంఘంలో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి, రేపటి నుంచే మొదలుపెట్టండి.