తమ్ముడికి చదువు రాదన్నారు

నలభై దాటాక మళ్లీ స్టూడెంట్‌నయ్యాను. అమెరికాలో ఓ ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌ని. పగలు పాఠాలు, సాయంత్రం మాస్టర్స్ క్లాసులు, వంటయ్యాక అసైన్‌మెంట్లు. ఇది పూర్తయితే ‘రీడింగ్ స్పెషలిస్ట్’నవుతాను. చదవలేక తడబడే పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిపోతున్నారో కనిపెట్టి సరిదిద్దడం, తోటి టీచర్లకు ఆ పద్ధతి నేర్పడం ఈ ఉద్యోగం. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో దీనికి టీచర్‌గా అనుభవం, పైచదువు రెండూ అడుగుతారు.

“చదవడం నేర్పడానికి నువ్వు రెండేళ్లు చదవాలా?” అని అమ్మ ఫోన్‌లో నవ్వింది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది.

ప్రాక్టికల్స్‌లో ఓ బాబు పుస్తకం చదువుతుంటే తప్పులన్నీ రాసుకోవాలి. ‘పోనీ’ అనే ఇంగ్లీషు మాట ఉన్నచోట వాడు ‘హార్స్’ అన్నాడు. పక్కనే గుర్రం బొమ్మ ఉంది. అర్థం చెడలేదు కదా అని నేను మెచ్చుకోబోయాను. మా ప్రొఫెసర్ ఆపారు. “వాడు అక్షరాలు చూడలేదు, బొమ్మ చూశాడు. బొమ్మల్లేని పుస్తకాలొచ్చాక ఏం చేస్తాడు?”

అమెరికాలో నేషనల్ రీడింగ్ పానెల్ 2000లో ఇచ్చిన నివేదికలో అయిదు సంగతులు ముఖ్యమని తేల్చారు. మాటలోని ధ్వనుల్ని విడివిడిగా గుర్తించడం, అక్షరానికీ ధ్వనికీ లంకె, తడబడకుండా చదవడం, పదసంపద, అర్థం చేసుకోవడం. ఏది తెగిందో తెలియకుండా ‘బాగా చదువు’ అంటే పిల్లాడేం చేస్తాడు?

ఆ రాత్రి మా తమ్ముడు గుర్తొచ్చాడు. పాఠం గడగడా అప్పజెప్పేవాడు. మధ్యలో వేలు పెట్టి చదవమంటే నోరు మెదిపేవాడు కాదు. బెంచీ ఎక్కించారు, ఇంపోజిషన్లు రాయించారు, మొద్దన్నారు. నేనూ అన్నాను. ఏడో తరగతితో బడి మానేశాడు. ఇవాళ్టికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లే పెడతాడు. టైపు చేసే తీరిక లేదేమో అనుకునేదాన్ని.

వాడి కొడుకు ఇప్పుడు రెండో తరగతి. మొన్న వీడియో కాల్‌లో తెలుగు పాఠం చదివించాను. ఒక్క తప్పు లేదు! అప్పుడు అర్థంలేని మాటలు రెండు రాసి చూపించాను. ‘గెబిలు’ని ‘గబ్బిలం’ అన్నాడు. ‘తొమిక’ని ‘తొమ్మిది’ అన్నాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడన్నమాట. కంఠతా వచ్చిన పాఠం అందర్నీ మోసం చేస్తుంది. కొత్త మాట చేయదు.

మీ ఇంట్లోనూ ఓసారి ఇలా చూడండి. తడబడితే తిట్టకండి. గుణింతం వరసలో కాకుండా కలిపి రాసి, రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని చదివించండి. అప్పటికీ ఇబ్బంది పడుతుంటే టీచర్‌తో మాట్లాడండి.

మేనల్లుడి కోసం అలాంటి కాగితాలు నాలుగు ఫొటో తీసి పంపాను. తెల్లారేసరికి తమ్ముడి వాయిస్ మెసేజ్. “అక్కా, వాడికి పంపినవి నేనూ చూస్తున్నానే. ఇంకో రెండు పంపు.”