మాటకు మాటే జవాబు

దేవుడున్నాడా లేడా అన్న వాదం ఒకప్పుడు సభల్లో, పుస్తకాల్లో, పత్రికల్లో సాగేది. ఇప్పుడది యూట్యూబ్‌కు చేరింది. నాస్తికులు, హేతువాదులు, ప్రవచనకర్తలు, పాస్టర్లు, ఇస్లాం ప్రబోధకులు... అందరికీ అక్కడ చానళ్లున్నాయి. ఒకరి వీడియోకు ఖండనగా మరొకరు గంటల తరబడి మాట్లాడుతున్నారు. ఇంతవరకు మంచిదే. వాదంతో తేలాల్సిన తగవు పోలీసు స్టేషన్‌కు, అక్కడి నుంచి వీధి దాడులకు దారితీయడమే ప్రమాదం. మతాన్ని విమర్శించినంత మాత్రాన మనిషిని అరెస్టు చేసే పద్ధతికి స్వస్తి చెప్పాలి. మనిషిని బెదిరించేవారిని, కొట్టేవారిని మాత్రం ఏ మతం పేరు చెప్పుకున్నా వదలకూడదు.

టీవీ చర్చలో రాముడిపై చేసిన వ్యాఖ్యల దరిమిలా 2018 జులైలో సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను హైదరాబాద్ పోలీసులు ఆరు నెలలపాటు నగరం నుంచి బహిష్కరించారు. ఆ వ్యాఖ్యలకు నిరసనగా పాదయాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామిపైనా కొద్ది రోజుల్లోనే బహిష్కరణ వేటు పడింది. 2022 డిసెంబరులో అయ్యప్పపై చేసిన వ్యాఖ్యల వీడియో వ్యాపించడంతో నాస్తిక ప్రచారకుడు బైరి నరేష్ అరెస్టయ్యారు. ఆ మాటలు భక్తులను నొప్పించాయన్నది నిజం. అయితే అరెస్టులూ బహిష్కరణలూ ఏ ప్రశ్ననూ తేల్చలేదు, ఏ గాయాన్నీ మాన్పలేదు. ఎవరు ఎక్కువమందిని కూడగడితే పోలీసులు వారి మాట వింటారన్న పాఠం మాత్రం అన్ని వర్గాలూ నేర్చుకున్నాయి.

ఈ కేసులకు ప్రధాన ఆధారమైన, మత విశ్వాసాలను అవమానించడాన్ని నేరంగా చూసే భారత శిక్షాస్మృతి 295ఏ సెక్షన్ 1927లో బ్రిటిష్ పాలకులు తెచ్చినది. నేటి భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్. గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానమే నేరమని, పొరపాటునో అజాగ్రత్తగానో అన్న మాట దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. అయినా గంట ప్రసంగం నుంచి అరనిమిషం ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే చాలు, ఫిర్యాదు సిద్ధం. ముందూ వెనకా ఏమన్నారో వినకుండా దురుద్దేశాన్ని నిర్ధారించడం ఎలా సాధ్యం? కత్తిరించి రెచ్చగొట్టినవారిని అడిగే నాథుడెవరు?

తెలుగువారికి ఈ అసహనం పరాయిది. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను ప్రశ్నించి కావ్యనాటకాలు రాశారు. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, రామనామం విడవని గాంధీజీతో సేవాగ్రామంలో ముఖాముఖి చర్చించారు. విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం రాసిన భాషలోనే రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం రాశారు. రెండింటికీ పాఠకులున్నారు, రెండింటిపైనా ఘాటైన విమర్శలు వచ్చాయి. పుస్తకానికి పుస్తకం, వ్యాసానికి వ్యాసం జవాబయ్యాయి.

ఆ వారసత్వం వీడియోలు చేసేవారిపైనా బాధ్యత పెడుతోంది. దొంగ స్వామిని, స్వస్థత పేరుతో రోగుల మందులు మాన్పించే బోధకుడిని నిలదీయడం సమాజానికి మేలు చేస్తుంది. బిడ్డ జబ్బు తగ్గాలని మొక్కుకున్న తల్లిని వెక్కిరించడం వల్ల మేలేమీ లేదు. ఆస్తికుల చానళ్లూ అంతే. నాస్తికుడి ఇంటి చిరునామా బయటపెట్టడం, ప్రశ్నించిన మహిళను బూతులతో వేధించడం ధర్మరక్షణ కాదు. వ్యూస్ కోసం థంబ్‌నెయిల్‌లో విషం పోసేవారు ఏ పక్షంలో ఉన్నా ఆ పక్షానికే ద్రోహం చేస్తున్నారు. అయితే మర్యాద తప్పడం వేరు, నేరం వేరు. మొదటిదాన్ని ప్రేక్షకులు సరిదిద్దాలి, రెండోదే పోలీసుల పని.

పుణెలో మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013లో, కోయంబత్తూరులో నాస్తికుడు ఫరూక్‌ను 2017లో చంపేశారు. మాటను నేరంగా చూడటం అలవాటైన చోట హత్యను శిక్షగా భావించేవారూ పుట్టుకొస్తారు. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వెంటనే స్పష్టమైన ఆదేశాలివ్వాలి. పూర్తి వీడియో చూడకుండా, న్యాయ సలహా తీసుకోకుండా 299 కింద కేసు పెట్టరాదు. హింసకు పిలుపునిస్తే, ప్రాణహాని తలపెడితే ఫిర్యాదు అందిన రోజే కదలాలి. ఆ సెక్షన్‌ను హింసను ప్రేరేపించే మాటలకే పరిమితం చేస్తూ పార్లమెంటు సవరించాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణ విశ్వసించే హక్కునిచ్చింది, 51ఏ అధికరణ ప్రశ్నించే దృక్పథాన్ని పౌరుల విధిగా పేర్కొంది. ఈ రెండూ పదిలంగా ఉండాలంటే రాజ్యం కాపాడాల్సింది మనుషులను. నమ్మకాలను సమర్థించుకునే పని నమ్మేవారిదే.