గుర్రం దిగిన రౌతులు

చదరంగంలో మనం గుర్రం అని పిలిచే పావును ఇంగ్లీషువాళ్ళు నైటు అంటారు. నైటు అంటే రాత్రి కాదు సుమండీ. గుర్రమెక్కి యుద్ధం చేసే రౌతు. బల్ల మీద కనిపించేది మాత్రం గుర్రం తలకాయే. మనవాళ్ళు కనిపించేదానికి పేరు పెట్టారు, వాళ్ళు కనిపించనివాడికి పెట్టారు. అలాగని రౌతు విలువ మనకు తెలియదనుకోవద్దు. 'రౌతు కొద్దీ గుర్రం' అన్న సామెత మనదే కదా! మరి ఆ గుర్రాన్ని కాస్తా విప్పి తోలేస్తే రౌతులో మిగిలేదేమిటి? ఈ మధ్య ఒక ఆట పుణ్యమా అని నాకీ సందేహం పట్టుకుంది.

ఆ ఆట పేరు బ్లడ్ బౌల్. పేరు విని కంగారు పడకండి. అందులో దొర్లేవి పాచికలే గాని తలలు కావు. ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది. రూపకల్పన చేసినవాడు జెర్విస్ జాన్సన్. అమెరికావాళ్ళ ఫుట్‌బాలును పట్టుకొచ్చి, మనుషులతోపాటు మరుగుజ్జులకూ రాక్షసులకూ నేర్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బల్ల మీద పొడవుకు 26 గళ్ళు, వెడల్పుకు 15 గళ్ళు. మైదానంలో పక్కకు 11 మంది బొమ్మ ఆటగాళ్ళు. బంతిని అవతలి కొసకు చేర్చాలి, అడ్డొచ్చినవాణ్ణి పడగొట్టవచ్చు. జట్లు రకరకాలవి ఉన్నాయి గాని, ఈ ఆట పిచ్చి ముదిరినవాళ్ళకు ఉన్నవి చాలవు. సొంత జట్టును తామే కల్పించుకుంటారు.

మా తమ్ముడి కొడుకు చదువుకున్నది నాటింగ్‌హాంలో. ఆ కంపెనీ ఉన్నదీ ఆ ఊళ్ళోనే. పోయినసారి వచ్చినప్పుడు చొక్కాల మడతల్లో భద్రంగా చుట్టి కొన్ని బొమ్మలు తెచ్చాడు.

"పెదనాన్నా, నైట్ల జట్టు ఒకటి తయారు చేస్తున్నాను. పేర్లు పెట్టడం మీ వంతు," అన్నాడు.

పేర్ల కోసమని కూర్చోబెట్టి నన్ను మెల్లిగా లెక్కల్లోకి దింపాడు.

నైట్లేమిటి, బంతాట ఏమిటి అని మీరు నవ్వవచ్చు. కాని నైట్లకు నిజంగానే జట్ల ఆట ఉండేది. పన్నెండో శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సులో టోర్నమెంటు అంటే ఇద్దరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలు దౌడు తీయించడం కాదు. రెండు పెద్ద జట్లు ఊళ్ళ మధ్య బయళ్ళలో కలియబడేవి. అవతలివాణ్ణి చంపడం కంటె పట్టుకోవడమే లాభం. వాడి గుర్రమూ కవచమూ, పైన విడుదల సొమ్మూ దక్కేవి. 1219లో చనిపోయిన విలియం మార్షల్ ఇలా పట్టి పట్టి పైకొచ్చినవాడే. 1130లో క్లెర్మాంట్ సభలో క్రైస్తవ మతపెద్దలు ఈ ఆటను నిషేధించారు, ఆగితేనా! ఇక ఊరివాళ్ళ బంతాట వేరు. దాని గోల భరించలేక 1314లో లండన్ నగరపాలకుడు దాన్నీ నిషేధించాడు. దొరల ఆటకు మతపెద్దలు అడ్డు, ఊరివాళ్ళ ఆటకు నగరపాలకుడు అడ్డు. ఆ రెంటినీ కలిపి మావాడు మా భోజనాల బల్ల మీద పెట్టాడు.

అయితే ఈ మైదానంలోకి గుర్రాన్ని రానివ్వరు. నడిచే నైటును నైటని గుర్తు పట్టడం ఎలా? మొదటి ఆనవాలు రంగులు. శిరస్త్రాణం ముఖాన్ని కప్పేస్తుంది గనుక మనిషిని డాలు మీది చిహ్నాన్ని బట్టే పోల్చుకోవాలి. అందుకని వాళ్ళకొక సూత్రం ఉంది: బంగారు, వెండి వన్నెలు ఒక తరగతి, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ వంటివి మరో తరగతి. ఒక తరగతి మీద అదే తరగతి వెయ్యకూడదు. పసుపు మీద తెలుపు వేస్తే దూరానికి ఆనదు. నీలం మీద పసుపు వేస్తే ఆమడ దూరానికి కనిపిస్తుంది. మావాడు నీలం డాలు మీద పసుపుపచ్చ కొంగను దింపాడు. పోట్లాటకు కొంగ ఎందుకురా అంటే, ఒంటికాలి మీద నిలబడి ఓపిక పట్టేది అదేనన్నాడు. జవాబు నాకు నచ్చింది.

రెండో ఆనవాలు శిక్షణ. ఎదుటివాణ్ణి కొట్టడానికి వేసే పాచికకు ఆరు ముఖాలు. ఒక ముఖం పడితే కొట్టినవాడే కూలతాడు. ఇంకొకటి పడితే ఇద్దరూ కూలతారు. రెండు ముఖాలకు ఎదుటివాడు వెనక్కి జరుగుతాడు. మిగిలిన రెండింటికి సాధారణంగా వాడే పడతాడు. మన వంతులో మనవాడు పడ్డాడంటే ఆ వంతు అక్కడితో సరి. 'బ్లాక్' అనే నైపుణ్యం ఉన్నవాడు ఇద్దరూ పడే ముఖం వచ్చినా తాను పడడు. బలం ఎక్కువై రెండు పాచికలు వేసి మంచిది ఏరుకునే వీలున్నప్పుడు, నైపుణ్యం లేనివాడికి 36 పాళ్ళలో 4 పాళ్ళు ప్రమాదం. ఉన్నవాడికి ఒకటే పాలు. ఏళ్ళ తరబడి కర్రసాము చేసినవాడికీ, నిన్న కర్ర పట్టినవాడికీ ఉన్న తేడా అదే.

మూడోది కవచం. మావాడి లెక్కలో నైటు కవచం పగలాలంటే రెండు పాచికలు కలిసి 10కి తగ్గకుండా పడాలి. అది 36లో 6 పాళ్ళు. పొలం నుంచి వచ్చిన పాలికాపుకు 8 పడితే చాలు. 36లో 15 పాళ్ళు.

పాలికాపులెక్కడినుంచి వచ్చారంటారా? ఇక్కడే ఉంది అసలు సంగతి. కొత్త జట్టు కట్టడానికి 10 లక్షల బంగారు నాణేలు ఇస్తారు. ఒకటో తారీఖు జీతంలాంటిది. చూడటానికి నిండుగానే ఉంటుంది. మావాడు పెట్టిన ధరలు ఇవి: నైటుకు 1,10,000, వాళ్ళకు కవచం తొడిగే అనుచరుడికి 70,000, పాలికాపుకు 40,000. పదకొండుమందినీ నైట్లనే తీసుకుందామంటే 12,10,000 కావాలి. అందుకని నలుగురు నైట్లు, ఇద్దరు అనుచరులు, అయిదుగురు పాలికాపులు. మొత్తం 7,80,000. అచ్చిరాని పాచికను మళ్ళీ వేసుకునే హక్కులు రెండు, ఒక్కొక్కటి 70,000. తరవాత కొంటే రెట్టింపు ధర గనుక ముందే కొనాలి. పోగా మిగిలింది 80,000.

మధ్యగీత మీద కనీసం ముగ్గురిని నిలబెట్టాలని ఆట నియమం. బంతి అవతలివాళ్ళకు ఇచ్చినప్పుడు మొదటి దెబ్బ తినేది ఆ ముగ్గురే. అక్కడ ఎవరిని నిలబెడతారో నేను చెప్పనక్కరలేదు. కొంగ గుర్తు జట్టు నైట్ల జట్టే. నిలబడేది మాత్రం పాలికాపుల వీపు మీద.

80,000 దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. 50,000 పెడితే వైద్యుడు వస్తాడు. ఆటకొకసారి, దెబ్బ తిన్నవాణ్ణి నిలబెట్టే ప్రయత్నం చేస్తాడు. లేదా మొత్తం పెట్టి మరో ఇద్దరు పాలికాపులను తెచ్చుకోవచ్చు. నేను పాలికాపుల పక్షం. గీత మీద నిలబడేవాళ్ళు వంతులు మార్చుకోవచ్చునని. మావాడు వైద్యుడి పక్షం.

"వైద్యం ఎవరికిరా?" అన్నాను.

"నైటుకే పెదనాన్నా. వాడు పోతే 1,10,000 పోయినట్టు. పాలికాపు పోతే 40,000 పడేస్తే ఇంకొకడు వస్తాడు."

లెక్క తప్పని ఎవరనగలరు? అలనాటి టోర్నమెంటులోనూ నైటును పట్టుకుంటే విడుదల సొమ్ము వచ్చేది. పాలికాపును పట్టుకుంటే ఇచ్చేదెవరు? 1415లో అజిన్‌కోర్టు దగ్గర ఫ్రెంచి నైట్లలో చాలామంది గుర్రాలు దిగి, ఇనుము మోసుకుంటూ బురదలో నడిచి వచ్చారు. వాళ్ళను ఓడించిన ఇంగ్లీషు సేనలో ఎక్కువమంది మామూలు విలుకాళ్ళే. ధరల పట్టిక అన్నివేళలా నిజం చెప్పదు.

నేను వాదించలేదు. పేర్లు పెట్టడం నా పని గనుక ఆ అయిదుగురు పాలికాపులకే ముందు పెట్టాను. ఈ ఆటలో గాయాలూ చావులూ ఒక పోటీతో తుడిచిపెట్టుకుపోవు. జట్టు పట్టీలో నిలిచి ఉంటాయి. అనుభవమూ అంతే. 2020 నాటి నియమాల ప్రకారం బంతిని గమ్యం చేర్చినవాడికి 3 పాయింట్లు. 6 కూడితే పాలికాపు కూడా కోరి 'బ్లాక్' నేర్చుకోవచ్చు. రెండుసార్లు బంతి చేర్చేదాకా బతికితే, పుట్టుక ఇవ్వనిది ఆట ఇస్తుంది. పేరున్నవాడు చస్తే పట్టీలో ఆ పేరు కొట్టెయ్యాలి. అది కొట్టడానికి కలం అంత తేలిగ్గా కదలదు.

పేర్లన్నీ రాసుకున్నాక మావాడు కాసేపు ఆలోచించి, వైద్యుణ్ణే కొన్నాడు. కొని, పట్టీ అడుగున సొంతంగా ఒక వాక్యం చేర్చాడు: 'ముందు పడినవాడికే వైద్యం.' ఆట పుస్తకంలో ఈ నియమం లేదు. దీనివల్ల కొన్ని పోటీలు ఓడిపోవలసి వస్తుందని వాడికి తెలుసు. గుర్రం పోయాక రౌతులో ఏం మిగులుతుందన్న నా సందేహానికి ఇంతకంటె మంచి సమాధానం నాకు దొరకలేదు.

బొమ్మలకే ఇంత వ్రతం పడితే, బొమ్మలు కానివాళ్ళ మాటేమిటి? ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే గంటలో డాక్టరు దగ్గర ఉంటాం. అంట్లు తోమే మనిషికి జ్వరమొస్తే 'రేపటికి ఇంకెవరినైనా పంపమ్మా' అంటాం. మన పట్టీ అడుగున ఏ వాక్యం రాసుకున్నామో ఒకసారి చూసుకుంటే నష్టం లేదు.