బండి ఎత్తు పెంచి, డిఫరెన్షియల్ దించడమా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీద పికప్ అంటే బొలెరో పికప్పే. ధాన్యం బస్తాలు, ఎరువుల సంచులు, పశువుల దాణా, ముహూర్తాల రోజుల్లో టెంటు సామాను, అన్నీ దాని తొట్టిలోనే తిరుగుతాయి. ఇలాంటి బళ్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ బలం వెనక చక్రాలకే అందుతుంది. ముందు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ అనేదే ఉండదు. బరువు ఎక్కువేసే యజమాని వెనక కమాన్ కట్టకు ఒక పట్టీ అదనంగా వేయిస్తాడు, అంతటితో సరి. అయితే కొన్నేళ్లుగా మరో రకం పికప్ కూడా కనిపిస్తోంది. మన శ్రీసిటీ కర్మాగారం నుంచి 2016లో బయటికొచ్చిన ఇసుజు వీ-క్రాస్, 2022లో మన మార్కెట్‌కు వచ్చిన టయోటా హైలక్స్ ఈ కోవలోవి. నాలుగు చక్రాలకూ బలం అందే ఫోర్ బై ఫోర్ బళ్లు. కొన్నవారిలో కొందరు పెద్ద టైర్లు వేసి, రెండు మూడు అంగుళాలు ఎత్తు పెంచాలనుకుంటారు. ఆ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: ఎత్తు పెంచాక ముందు డిఫరెన్షియల్‌ను కిందికి దించే కిట్ కూడా వేయించాలా? నా ఉద్దేశంలో, పద్ధతిగా ఎత్తిన బండికి ఆ కిట్ అక్కర్లేదు. అది లేకపోతే నడవని బండి అయితే, దాన్ని మోతాదు మించి ఎత్తారనే అర్థం.

ఎందుకో తెలియాలంటే బండి కింద ఏం జరుగుతుందో చూడాలి. ఈ పికప్‌లలో ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది, చక్రాలతో పాటు పైకీ కిందికీ కదలదు. దాని నుంచి రెండు పక్కలా చక్రాలకు రెండు చిన్న షాఫ్టులు వెళ్తాయి. గుంతలో పడ్డప్పుడు, గట్టెక్కినప్పుడు చక్రం ఎటు కదిలినా బలం తెగకుండా అందాలి కనుక ప్రతి షాఫ్టుకూ రెండు చివర్లా సీవీ జాయింట్లు ఉంటాయి. వంగి ఉన్నా ఒకే వేగంతో తిప్పే ఈ జాయింటును ఫోర్డ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించాడు. చక్రం వైపు ఉండే జాయింటు స్టీరింగ్ తిప్పినప్పుడు కూడా పని చేయాలి కాబట్టి సుమారు 45 డిగ్రీల దాకా వంగుతుంది. డిఫరెన్షియల్ వైపుది అందులో సగం వంపును కాస్త అటూ ఇటూగా తట్టుకుంటుంది. బండిని ఎత్తితే ఛాసిస్‌తో పాటు డిఫరెన్షియల్ పైకి పోతుంది, చక్రాలు నేల మీదే ఉంటాయి, షాఫ్టులు ఏటవాలుగా వాలతాయి. పాత జీపులకు, జిప్సీకి, ఇప్పటి జిమ్నీకి ఈ తలనొప్పి లేదు. వాటి ముందు యాక్సిల్ ఏకఖండం, డిఫరెన్షియల్ దానిలోనే ఉండి చక్రాలతో కలిసే కదులుతుంది.

మరి వంపు ఎంత పెరుగుతుంది? రెండు జాయింట్ల మధ్య దూరం సుమారు 40 సెంటీమీటర్లు అనుకుందాం. బండిని రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు ఎత్తితే వంపు దాదాపు 7 డిగ్రీలు పెరుగుతుంది. మూడు అంగుళాలైతే 11 డిగ్రీల దాకా పోతుంది. ఇప్పుడు కిట్ సంగతి. అందులో ఉండేవి సాధారణంగా అంగుళం మందమున్న లోహపు బుష్‌లు, వాటికి సరిపడా పొడవైన బోల్టులు. డిఫరెన్షియల్ మొత్తం ఒక అంగుళం కిందికి వస్తే మూడున్నర డిగ్రీలు వెనక్కి వస్తాయి. కానీ చాలా కిట్లు ముందు వైపు మౌంట్లనే దించి వెనక మౌంటును అలాగే ఉంచేస్తాయి. అప్పుడు డిఫరెన్షియల్ ముక్కు కిందికి వాలుతుందే తప్ప, షాఫ్టులు బయటికి వచ్చే చోటు అంగుళం దిగదు. దక్కే లాభం రెండు డిగ్రీలకు అటూ ఇటూ. పైగా గేర్‌బాక్స్ వైపు నుంచి ముందుకొచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. ఒక జాయింటు కష్టం కాస్త తగ్గించబోయి ఇంకో జాయింటును కదిపినట్టయింది.

ఎంత ఎత్తారన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎలా ఎత్తారన్నది అంతకన్నా ముఖ్యం. షాకబ్జర్ అదే ఉంచి, స్ప్రింగు మాత్రమే గట్టిది వేస్తే నిలబడ్డప్పుడు బండి ఎత్తుగా కనిపిస్తుంది. కానీ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఎక్కడిదాకా దిగగలదో ఆ హద్దు కంపెనీ పెట్టినదే, షాకబ్జర్ పొడవు మారలేదు కదా! అంటే షాఫ్టు వంపుకు ఉన్న గరిష్ఠ హద్దు కూడా మారలేదు. కంపెనీ ఆ వంపును లెక్కలోకి తీసుకునే బండిని తయారుచేసింది. ఇక షాకబ్జర్ తలపైన ఇనుప స్పేసర్ పెట్టే పద్ధతి చవక, పైగా రెండు గంటల్లో అయిపోయే పని. అక్కడ అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాల ఎత్తు వస్తుంది. అయితే షాకబ్జర్ మొత్తం కిందికి జరిగినట్టు కాబట్టి చక్రం వేలాడే హద్దు కూడా ఆ మేరకు కిందికి జారుతుంది. కంపెనీ ఎన్నడూ అనుకోని వంపులోకి జాయింటు వెళ్లేది ఇక్కడే. ఒకే రెండు అంగుళాల ఎత్తు ఒక బండిలో నిక్షేపంగా నడిచి, ఇంకో బండిలో ఆరు నెలలకే జాయింట్లను కప్పి ఉంచే రబ్బరు బూట్లు చిరగడానికి కారణం చాలాసార్లు ఈ తేడాయే. కిట్ కావాలా అని అడిగేవారు స్ప్రింగు మార్చారా, స్పేసర్ పెట్టారా అని మెకానిక్‌ను అడగడం మరచిపోతారు.

ఎత్తిన బళ్లలో బూట్లు చిరగడం, గ్రీజు చిమ్మడం, స్టీరింగ్ తిప్పితే టకటక శబ్దం రావడం నిజమే కదా అని కిట్‌ను సమర్థించేవారు అంటారు. నిజమే, కాదనను. వీ-క్రాస్, హైలక్స్ లాంటి బళ్లలో చక్రం దగ్గర షాఫ్టును విడదీసే హబ్ ఉండదు కాబట్టి టూ వీల్ డ్రైవ్‌లో హైవే మీద పోతున్నా ఆ జాయింట్లు తిరుగుతూనే ఉంటాయి. వంపు ఎక్కువైతే బూటు మడతలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. రబ్బరు అరిగి పగిలితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. అక్కడి నుంచి జాయింటు ఆయువు మూడినట్టే. కానీ ఈ జబ్బుకు రెండు డిగ్రీల మందు చాలదు. బాల్ జాయింట్లు, టై రాడ్లు, పై ఆర్మ్ కూడా అదే ఎత్తు వల్ల వంకర కోణంలోకి పోయి ఉంటాయి, కిట్ వాటి జోలికే పోదు. ఒరుసుకునేది స్పేసర్ వల్లయితే స్పేసర్ సన్నబడాలి, లేదా పోవాలి.

విదేశాల్లో నాలుగు, ఆరు అంగుళాలు ఎత్తే కిట్లలో డిఫరెన్షియల్ దించే ఏర్పాటు తప్పనిసరిగా ఉంటుందని ఇంకో వాదన. ఉంటుంది. అయితే అక్కడ దించేది డిఫరెన్షియల్ ఒక్కదాన్నే కాదు. కింది ఆర్మ్‌లు బిగించే క్రాస్ మెంబర్, బ్రాకెట్లు అన్నీ కలిపి కిందికి దించుతారు, కోణాలన్నీ ఇంచుమించు పాతవే ఉంటాయి. నాలుగు బుష్‌ల పొట్లానికీ దానికీ ఒకే పేరు పెట్టి అమ్మడం వల్లే కొనేవారు మోసపోతున్నారు. చవకే కదా, వేయిస్తే పోయేదేముందన్న మాటకు కూడా జవాబుంది. ఎత్తు పెంచిందే నేలకు బండి అడుగుకు మధ్య జాగా కోసం. కిట్ వేస్తే ఆ జాగాలోకి డిఫరెన్షియల్ మళ్లీ దిగుతుంది. కింద కాపు కాసే ఇనుప రేకు సరిగ్గా కూర్చోక దానికీ బుష్‌లు కావాలి.

ఇంతకూ మన దగ్గర అంత ఎత్తు దేనికి? వీ-క్రాస్‌కు కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 225 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. ఊళ్లలో ఇష్టం వచ్చినట్టు కట్టినవి అంతకన్నా ఎత్తుంటాయనుకున్నా ఇంకా జాగా మిగులుతుంది. ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల చెల్క బాటల్లో, వానాకాలం నల్లరేగడి బురదలో బండి ఇరుక్కునేది అడుగు తగిలి కాదు, టైరుకు పట్టు దొరకక. అక్కడ పనికొచ్చేది మంచి మట్టి టైరు, తగ్గించిన గాలి. దమ్ము చేసిన మడిలోకైతే ఎంత ఎత్తిన పికప్పూ దిగదు, అది కేజ్ వీల్ ట్రాక్టరు పని.

వరదల మాట కూడా వస్తుంది. 2024 సెప్టెంబర్ 1న కోదాడ దగ్గర వరద ముంచెత్తి హైదరాబాద్-విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయిన దృశ్యం ఎవరూ మరచిపోలేదు. ఎత్తు బండి ఉంటే దాటేవాళ్లమన్న ధీమా అప్పుడు కొందరిలో కనిపించింది. ప్రవహించే నీరు రెండడుగులు ఉంటే పికప్‌లతో సహా ఎక్కువ వాహనాలు కొట్టుకుపోతాయని అమెరికా వాతావరణ శాఖ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. కంపెనీ లెక్కలో హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదు, కానీ అది నిలకడ నీటి మాట. వాగు ప్రవాహం ఆ లెక్క వినదు.

చట్టం కూడా ఎత్తు పెంచే ఉత్సాహానికి అడ్డే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. స్పేసర్ ఒక మార్పు, కిట్ ఇంకొకటి అని అధికారి లెక్కపెడితే కాదనడం కష్టం. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ కూడా మొదట బండి కిందికే తొంగిచూస్తుంది.

అయితే కొనేనాటికే ఎత్తి ఉన్న సెకండ్ హ్యాండ్ బండి చేతికొచ్చినవారి మాటేమిటి? వాళ్లు కిట్ కన్నా ముందు వర్క్‌షాపులో బండిని ఛాసిస్ దగ్గర జాకీ మీద లేపించి, ముందు చక్రాలను వేలాడనిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. బూటు మడతలు రాసుకుంటున్నాయా, లోపలి జాయింటు బిగుసుకుంటోందా అన్నది అక్కడే తేలుతుంది. తేడా ఏమీ లేకపోతే వీల్ అలైన్‌మెంట్ సరిచేయించి హాయిగా నడుపుకోవచ్చు. రాసుకుంటుంటే షాకబ్జర్ పైనున్న స్పేసర్లను తీయించడానికి అయ్యేది ఒక పూట కూలీ, దానికి తోడు మళ్లీ అలైన్‌మెంట్ ఖర్చు.