యింజను పెద్దదా, క్యాము పెద్దదా?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి మోటారు గొడవ యెందుకండీ అని మీరు అడగవచ్చు. మా కాలేజీ స్టాఫ్ రూములోనూ అదే అడిగారు. కాని మేముండేది బసంత్‌నగర్. యెదురుగా సిమెంటు ఫ్యాక్టరీ, కాస్త అవతల రామగుండం కరెంటు, గోదావరిఖని బొగ్గు. యిక్కడి పిల్లలకు అక్షరాలకంటె ముందు లారీ హారన్లు వస్తాయి. నలుగురు కుర్రవాళ్ళు చేరారంటే మాట తిరిగి తిరిగి యింజను దగ్గరికే పోతుంది.

మా అక్క యింట్లో నెల రోజులుగా యిదే పంచాయితీ. బావ ఉద్యోగం నుంచి దిగిపోయాడు. చేతికి వచ్చిన సొమ్ములో కొంత కొడుకు చేతిలో పెట్టి, "కారు సంగతి నువ్వే జూసుకో" అన్నాడు. వాళ్ళకున్నది పాత మారుతీ జెన్. 1993లో మొదలై 2006తో ఆగిపోయిన బండి అది. మా మేనల్లుడికి ఆ బండిమీద ప్రాణం. దాన్ని యెవరూ అందుకోలేనట్టు పరుగెత్తించాలని వాడి కోరిక. అక్కకేమో మోకాళ్ళ నొప్పి. నెలకొకసారి కరీంనగర్ డాక్టరు దగ్గరికి ఆ కారులోనే పోవాలి. వున్న కారు ఒక్కటే, వున్న డబ్బు ఒక్కసారికే సరిపోతుంది. తేడా వస్తే మళ్ళీ పెట్టడానికి బావ దగ్గర లేదు.

వాడి ముందు రెండు దారులు. పాత యింజనుకే వాడి క్యామ్‌షాఫ్టు ఒకటి సానబట్టించి వేయడం ఒకటి, యిది చవక. జెన్‌లోని 993 సి.సి. యింజను తీసేసి ఎస్టీమ్‌లోని 1298 సి.సి. యింజను దింపడం రెండోది, యిది ఖరీదు. ఆ రెండూ ఒకే సుజుకీ వంశంలో పుట్టిన అన్నదమ్ములు. లెక్క చూడండి: చిన్నదాని సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లు, పెద్దదానిది 74. రెండే మిల్లీమీటర్లు తేడా. కాని పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం చిన్నదానిలో 61, పెద్దదానిలో 75.5. ముఖ్యంగా ఆ కాస్త దూరం వల్లనే మొత్తం మీద ముప్పై పాళ్ళు యెక్కువ గాలి లోపలికి పోతున్నది.

"మామా, క్యామ్ మార్చితే చాలు, గదే గాలి గుంజుతది" అన్నాడు వాడు. నాకు తెలిసిన ఛందస్సుతో నేను దాన్ని అర్థం చేసుకొన్నాను. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. యే అక్షరం మీద యెంతసేపు నిలవాలో చెప్పేది ఛందస్సు. యింజనులో యే వాల్వు యెంతసేపు తెరిచి వుండాలో చెప్పేది క్యాము. ఇరుసుమీద కోడిగుడ్డు ఆకారంలో మిట్టలు వుంటాయి. అవి తిరుగుతూ వాల్వులను నొక్కుతాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు. యింజను నిమిషానికి మూడువేలు తిరుగుతుంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు యిరవైయైదు సార్లు తెరుచుకొని మూసుకొంటున్నదన్న మాట. మా అక్క కన్నార్పేలోగా యెన్నిసార్లో మీరే లెక్క కట్టండి.

మామూలు కారు క్యాము దాదాపు 240 నుంచి 260 డిగ్రీల దాకా వాల్వును తెరిచి వుంచుతుంది. పందెపు కారుది 300 దాటుతుంది. పిస్టను అడుగుకు పోయి మళ్ళీ పైకి లేస్తున్నా గాలి వాల్వు యింకా తెరిచే వుంటుంది. యింజను వేగంగా తిరిగేటప్పుడు యిది లాభమే. వూపు మీద వచ్చే గాలి ఆగదు, జాతరలో జనంలాగ యింకా లోపలికే తోసుకొస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ వూపు వుండదు. లేస్తున్న పిస్టను వచ్చిన గాలిని వచ్చిన దారినే వెనక్కి గెంటుతుంది. అందుకే పందెపు క్యాము వేసిన యింజను కింది వేగంలో నీరసం, పై వేగంలో పూనకం. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై పందెపు బాటమీద అది వజ్రం. అక్కడ యింజను నాలుగైదు వేలకు దిగితే కదా!

మరి మన రాజీవ్ రహదారి మీద? ముందు బొగ్గు లారీ, వెనక సిమెంటు లారీ, మధ్యలో టోల్‌గేటు, వూరూరా స్పీడ్ బ్రేకరు. రెండువేలకూ నాలుగువేలకూ మధ్యనే బతుకు. లారీని దాటేటప్పుడు అడుగు నుంచి వచ్చే లాగుడు కావాలి గాని, ఆరువేల మీద వచ్చే కేక యెందుకు? ఆ అడుగు లాగుడు సి.సి.లతో వస్తుంది. పెద్ద యింజనుకు యింకో సుగుణం కూడా వుంది: 993లో పొగరు చూపించే క్యామే 1298లో సాధువులా వుంటుంది. నోరు పెద్దదైతే ముద్ద చిన్నదిగా కనిపించినట్టు. కాబట్టి ముందు యింజను సైజు తేల్చుకొని తరువాత క్యాము చూడాలి. రెండింటి మధ్య అనుమానం వస్తే చిన్న క్యామునే పట్టుకోవాలి.

గోదావరిఖనిలో మాకు తెలిసిన మెకానిక్కును కూడా అడిగాము. ఆయన చెప్పిన మాట నన్ను కుదిపింది. "సార్, పెద్ద క్యామ్ వేస్తే బండి నిలబడ్డప్పుడు వాక్యూమ్ పడిపోతది. బ్రేకుకు బలమొచ్చేది దాంతోనే. పెడల్ రాయి లెక్క అయితది." చూశారా! వేగం కోసం పోయి బ్రేకు పోగొట్టుకోవడం. పైగా వాల్వు యెత్తు పెంచితే స్ప్రింగులు గట్టివి వేయాలి, వాల్వు వెళ్ళి పిస్టనుకు తగలదు గదా అని కొలవాలి, కార్బరేటరు మళ్ళీ సరిచేయాలి. చవక అనుకొన్నది చవక కాదు. వాడి మొహం చిన్నబోయింది.

అయితే పెద్ద యింజను దింపేద్దామా? దానికి చట్టం అడ్డు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు యిచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించాలంటే ఆఫీసుకు తీసుకుపోయి చూపించాలి. అక్కడ పుస్తకంలో యింజను నంబరు వుంటుంది. దారిలో యేదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేదీ అటువంటిదే. ఆ కారులో కూర్చునేది మా అక్క.

"గట్లయితే ఏం జెయ్యాలె మామా?" అన్నాడు వాడు. ఆ గొంతులో కోపం కంటె బెంగ యెక్కువ. నాకు తోచింది చెప్పాను: ఆ యింజనే కావాలంటే దానితో పుట్టిన కారునే కొనుక్కో. 1994 నుంచి 2007 దాకా ఎస్టీమ్‌లు వచ్చాయి. బాగా చూసుకొన్నవి యింకా దొరుకుతాయి. కంపెనీ యిచ్చిన క్యాము అలాగే వుండనీ. మిగిలిన డబ్బు బ్రేకులకూ టైర్లకూ పెట్టు. జెన్ అమ్మడానికి మనసొప్పకపోతే అది నీ యిష్టం, నేను బలవంతపెట్టను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు ఫోను చేసి, పెద్దపల్లిలో ఒక ఎస్టీమ్ వుందట, వాల్వు కవరు విప్పించి క్యాము మిట్టలు అరిగాయో లేదో చూడాలి, రమ్మన్నాడు. టైమింగు బెల్టు యెప్పుడు మార్చారో అడగడం మరిచిపోకు అన్నాను. వెనకనుంచి అక్క గొంతు వినిపించింది:

"వెనక సీట్ల కాళ్ళు చాపుకోనొస్తదో లేదో గది సూడమను ముందుగాల!"